లింటల్ వేసే ముందు పైకి చూడండి

ఇల్లు కట్టుకునేవాళ్లు సిమెంట్ గురించి పదిమందిని అడుగుతారు. టైల్స్ కోసం నాలుగు షాపులు తిరుగుతారు. గుమ్మాల మీద, కిటికీల మీద పోసే లింటల్ సంగతి మాత్రం మేస్త్రీకి వదిలేస్తారు. మేస్త్రీ దగ్గర ఓ వాడుక లెక్క ఉంటుంది: ఆరంగుళాల మందం, కింద రెండు కడ్డీలు, పైన రెండు, చుట్టూ రింగులు. బాత్రూం తలుపుకీ అదే, హాల్లో పెద్ద కిటికీకీ అదే. చాలా ఇళ్లలో ఇది నడిచిపోతోంది. ఎందుకంటే ఇప్పుడు పట్టణాల్లో లేచేవన్నీ దాదాపు పిల్లర్ల ఇళ్లే. స్లాబు బరువు బీముల మీదుగా పిల్లర్లలోకి దిగిపోతుంది, లింటల్ మోసేది తన నెత్తిన ఉన్న కాస్త గోడనే. అదే మేస్త్రీ అదే లింటల్‌ని పిల్లర్లు లేని ఇంటికి, అంటే గోడల మీదే స్లాబు కూర్చునే ఇంటికి పోసినప్పుడు ఆ లెక్క నిలవదు. ఊళ్లలో రెండు మూడు గదుల ఇళ్లు ఇప్పటికీ ఎక్కువగా అలాగే కడుతున్నారు. కాబట్టి లింటల్ ఎంత ఉండాలో తేల్చడానికి ఓపెనింగ్ వెడల్పు ఒక్కటే చాలదు. దాని పైన ఏముంది, పక్కన ఎంత గోడ మిగిలింది, ఈ రెండూ ముందు చూడాలి.

బరువు ఎక్కడి నుంచి వస్తుంది

ఇటుకలను అతుకు మీద అతుకు రాకుండా కడతాం. అందువల్ల కింద ఖాళీ ఉన్నా పైనున్న గోడ బరువంతా నిట్టనిలువుగా దిగదు. చాలా భాగం అటూ ఇటూ జరిగి పక్క గోడల్లోకి పోతుంది. పాత ఇళ్లలో గుమ్మం మీది దూలం కుళ్లి విరిగినప్పుడు ఇది కళ్లారా కనిపిస్తుంది. గోడంతా కూలదు. గుమ్మం పైన త్రికోణం ఆకారంలో ఇటుకలు రాలతాయి, ఆ పైగోడ అలాగే నిలబడి ఉంటుంది. ఇంజనీర్లు లింటల్‌కి లెక్క కట్టేది ఈ త్రికోణంతోనే. మూడు భుజాలూ సమానం, కోణం 60 డిగ్రీలు. దాని ఎత్తు లింటల్ స్పాన్‌లో సుమారు 87 శాతం వస్తుంది. స్పాన్ అంటే ఓపెనింగ్ వెడల్పు ఒక్కటే కాదు, రెండు వైపులా లింటల్ గోడ మీద ఆనిన భాగంలో సగం సగం కూడా కలపాలి.

ఈ త్రికోణం లెక్క చెల్లాలంటే రెండు షరతులున్నాయి. త్రికోణం పూర్తిగా పట్టేంత ఎత్తు గోడ పైన ఉండాలి, ఆ ఎత్తు లోపల స్లాబు గానీ బీము గానీ వచ్చి కూర్చోకూడదు. ఓపెనింగ్‌కి రెండు పక్కలా స్పాన్‌లో సగమైనా కన్నం లేని గోడ ఉండాలి.

ఇప్పుడు మన ఇళ్లకు వద్దాం. మామూలు పదడుగుల ఎత్తు ఇంట్లో లింటల్ అడుగు భాగం నేల నుంచి ఏడడుగుల మీద ఉంటుంది. లింటల్ మందం ఆరంగుళాలు తీసేస్తే, అక్కడి నుంచి స్లాబు దాకా మిగిలే గోడ రెండు, మహా అయితే రెండున్నర అడుగులు. మూడడుగుల గుమ్మం తీసుకోండి. ఆనికలతో కలిపి స్పాన్ మూడున్నర అడుగులు అనుకుంటే త్రికోణానికి మూడడుగుల ఎత్తు కావాలి. అంత గోడ అక్కడ లేదు. అంటే అతి చిన్న గుమ్మం మీద కూడా స్లాబు త్రికోణం లోపలే కూర్చుంటోంది. పిల్లర్లు లేని ఇంట్లో ప్రతి లింటల్‌కీ స్లాబు బరువు కలిపే లెక్క కట్టాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

ఆ బరువెంతో ఒకసారి వేసి చూద్దాం. తొమ్మిదంగుళాల ఇటుక గోడ రెండడుగుల ఎత్తుంటే, అడుగు పొడవుకు సుమారు 85 కిలోలు తూగుతుంది. గది వెడల్పు 13 అడుగులు, మీద ఐదంగుళాల స్లాబు, అది ఈ గోడ నుంచి ఎదుటి గోడకు పరుచుకుని ఉంది. స్లాబు, దాని మీది ఫినిషింగ్, మేడ మీద మసిలే మనుషులు అన్నీ కలిపి సగం ఈ గోడ మీదికి వస్తుంది. అది అడుగు పొడవుకు సుమారు 340 కిలోలు. గోడ బరువుకి నాలుగు రెట్లు. గోడకు అవతల కూడా గది ఉండి, దాని స్లాబు కూడా ఇదే గోడ మీద ఆనితే ఇంకో 340. కిటికీ కొలత మారలేదు, మీదికి వచ్చే బరువు మాత్రం ఎన్నో రెట్లు మారింది.

వెడల్పు పెరిగినప్పుడు ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. అడుగు పొడవు మీద బరువు అంతే ఉన్నా, స్పాన్ రెట్టింపైతే లింటల్‌ని వంచే శక్తి నాలుగు రెట్లవుతుంది. లింటల్ కిందికి కుంగడం పదహారు రెట్లవుతుంది. మూడడుగులకు నిలిచింది కదా, ఆరడుగులకు ఇంకో కడ్డీ వేస్తే చాలనుకోవడం అందుకే ప్రమాదం.

పైన చెప్పిన ఒక వైపు స్లాబు ఉన్న గోడలో నాలుగడుగుల కిటికీకి ఎం20 కాంక్రీట్‌తో ఆరంగుళాల లోతు లింటల్, కింద రెండు 10 మి.మీ. కడ్డీలు సరిపోతాయి. అదే గోడలో ఆరడుగుల కిటికీ పెడితే ఆరంగుళాల లోతు చాలదు. కింద కడ్డీలు ఎన్ని పెంచినా పైభాగంలో కాంక్రీట్ ఆ నొక్కుడుకు తట్టుకోలేదు. లోతు తొమ్మిదంగుళాలు చేస్తే కింద రెండు 12 మి.మీ. కడ్డీలతో పని జరుగుతుంది. లింటల్ బలం మొదట లోతులో ఉంది, కడ్డీల లెక్క ఆ తర్వాత. పిల్లర్ల ఇంట్లో గోడ బరువొక్కటే మోసే ఆరడుగుల కిటికీకి ఆరంగుళాల లింటల్ నిక్షేపంగా నిలుస్తుంది. ఈ అంకెలు నేను తీసుకున్న గది కొలతలకే. మీ గది వేరు, మీ స్లాబు వేరు. ఈ పద్ధతిలో మీ ఇంజనీర్ చేత మీ లెక్క వేయించుకోండి.

ఇంకో రెండు బరువులు చాలామంది మర్చిపోతారు. మేడ మీది నీళ్ల ట్యాంకు ఒకటి. వెయ్యి లీటర్ల ట్యాంకులో నీళ్ల బరువే ఒక టన్ను. దాని దిమ్మె సరిగ్గా కిటికీ మీదుగా కట్టకండి, రెండు అడుగులు జరిపితే గట్టి గోడ మీద కూర్చుంటుంది. రెండోది తర్వాత వేసుకుందామనుకునే పై అంతస్తు. పిల్లాడి పెళ్లి నాటికి పైన రెండు గదులు వేద్దామన్న ఆలోచన ఉంటే ఆ గోడలు, ఆ స్లాబు కూడా ఈరోజు పోసే కింది లింటల్ లెక్కలోకి రావాలి. అప్పుడు కింది లింటల్‌ని మార్చడం కుదిరే పని కాదు.

రాయి, కర్ర, ఇనుము, కాంక్రీట్

రాయి నొక్కుడుకు ఎంత గట్టిదో వంగుడుకు అంత బలహీనం. వేయిస్తంభాల గుడి 1163లో కట్టింది. అందులో స్తంభాలు అంత దగ్గరగా ఉండటానికి ఒక కారణం ఇదే, రాతి దూలం ఎక్కువ దూరం దాటలేదు. 1591 నాటి చార్మినార్‌కి అంత వెడల్పు దారులు సాధ్యమైంది కమాను వల్ల. కమానులో ప్రతి రాయీ నొక్కుడులోనే ఉంటుంది, వంగదు. కానీ కమాను పక్కలకు తన్నుతుంది. ఆ తన్నుడు ఆపేంత గోడ రెండు వైపులా లేకపోతే విచ్చుకుంటుంది. ఇంటి చివర గదిలో, మూలకు ఆనుకున్న కిటికీకి ఇటుక కమాను ముచ్చటపడి పెట్టుకోవద్దు. గోడ మధ్యలో ఉన్న కిటికీకైతే అది అందం, బలం రెండూనూ.

నాపరాళ్లను కిటికీల మీద పరిచి గోడ కట్టేయడం చాలా ఊళ్లలో ఉంది. నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది, పగుళ్లు బయటికి కనిపించవు. అల్మరా మీదో, చిన్న వెంటిలేటర్ మీదో, పైన స్లాబు బరువు రాని చోటో సరే. గుమ్మానికి వద్దు. పాత మండువా ఇళ్లలో మద్ది, టేకు దూలాలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయంటే అవి లోపలి చేవ కర్రతో చేసినవి, తడి తగలని చోట ఉన్నవి. ఇవాళ కొత్త ఇటుక గోడలో కర్ర దూలం పెట్టడానికి నాకు కారణం కనిపించదు. చెదలు పట్టినా బయటికి తెలియదు.

ఫ్యాక్టరీల్లో ముందే పోసి తెచ్చే ప్రీకాస్ట్ లింటల్స్ మంచివే, పని త్వరగా సాగుతుంది, కింద పోట్లు (ఆసరా కర్రలు) పెట్టే బాధ తగ్గుతుంది. ఒక్క జాగ్రత్త ఉంది. వాటిలో ఎక్కువ ఇనుము ఒక వైపే ఉంటుంది, ఆ వైపు కిందికి రావాలి. నాలుగు వైపులా ఒకేలా కనిపించే లింటల్‌ని కూలీలు తలకిందులుగా పెట్టేస్తే ఇనుము పైకి పోతుంది, కింద ఉత్త కాంక్రీట్ మిగులుతుంది. దించేటప్పుడే పై ముఖం మీద పెయింట్‌తో బాణం గుర్తు వేయించండి.

ఇనుప గర్డర్లు కొత్త ఇంటికి అక్కర్లేదు గానీ, పాత గోడలో కొత్త గుమ్మం తీసేటప్పుడు వాటికి మించినవి లేవు. దాని గురించి కింద వివరంగా చెబుతాను. మిగతా అన్ని చోట్లా, అంటే కొత్తగా కట్టే ఇంట్లో నూటికి తొంభై ఓపెనింగ్‌లకు, అక్కడికక్కడే పోసే ఆర్‌సీసీ లింటల్‌నే ఎంచుకోండి.

ఆనిక, మూల గుమ్మం

లింటల్ రెండు చివర్లూ గోడ మీద ఎంత మేర ఆనాలి? ఆరంగుళాలు, లింటల్ లోతు, స్పాన్‌లో పదో వంతు, ఈ మూడింటిలో ఏది ఎక్కువైతే అంత. ఎనిమిదడుగుల ఓపెనింగ్‌కి దాదాపు పదంగుళాలు. హాలో బ్లాకుల గోడైతే ఆనిక కింద వచ్చే బ్లాకుల బోలును కాంక్రీట్‌తో నింపించాలి. బోలు బ్లాకు అంచుల మీద బరువు పడితే అవి చిట్లుతాయి.

మన దగ్గర ప్రత్యేకంగా వచ్చే చిక్కు వాస్తుతో ముడిపడినది. సింహద్వారం ఈశాన్యానికి దగ్గరగా ఉండాలని మూలకు జరుపుతారు. జరిపి జరిపి చివరికి గుమ్మానికి, మూలకు మధ్య నాలుగైదు అంగుళాల గోడ మిగులుతుంది. అక్కడ లింటల్‌కి ఆనిక చాలదు, బరువు పక్కకు మళ్లడానికి గోడా లేదు. ఆ కాస్త గోడ నిలువునా చీలడం చాలా ఇళ్లలో చూస్తాం. వాస్తు వద్దనడం నా పని కాదు. గుమ్మం అక్కడే కావాలంటే ఆ మూలలో పునాది నుంచి ఒక ఆర్‌సీసీ పిల్లర్ లేపి లింటల్‌ని దానిలోకి కట్టేయండి. పిల్లర్ వేయలేకపోతే లింటల్‌ని అక్కడితో ఆపకుండా మూల తిప్పి, పక్క గోడ మీదున్న లింటల్‌తో కడ్డీలతో సహా కలపండి. ఈ పని గోడ లింటల్ లెవెల్‌కి వచ్చాక గుర్తుకొస్తే లాభం లేదు. ప్లాను కాగితం మీద ఉన్నప్పుడే అడగాలి.

కడ్డీలు ఎక్కడున్నాయి

పోసే రోజు పొద్దున్నే సెంట్రింగ్ చెక్కల పక్కన ఒక స్టూలు వేసుకుని ఎక్కి లోపలికి చూడండి. కడ్డీల బోను చెక్క మీద వాలి ఉందా, కింద కవర్ బ్లాకుల మీద లేచి ఉందా? చెక్కకు తాకి ఉంటే, పోశాక కడ్డీ లింటల్ అడుగున బయటికే ఉంటుంది. మీద సిమెంట్ పూత పూసి కప్పేస్తారు. ఏడెనిమిదేళ్లకు తుప్పు ఉబ్బి ఆ పూతను తోసేస్తుంది. కనీసం అంగుళం ఖాళీ ఉండాలి. సముద్ర తీరంలో ఇది ఇంకా ముఖ్యం. ఐఎస్ 456 కోడ్ తీర ప్రాంతపు గాలికి గురయ్యే కాంక్రీట్‌ని తీవ్రమైన పరిస్థితి కింద లెక్కవేసి ఎం30 కాంక్రీట్, 45 మి.మీ. కవర్ అడుగుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు కట్టేవాళ్లు ఆరంగుళాల లింటల్‌లో ఇంత కవర్ పోతే పనికొచ్చే లోతు ఎంత మిగులుతుందో చూసుకుని మందం పెంచుకోవాలి.

సన్‌షేడ్ దగ్గర లెక్క తిరగబడుతుంది. లింటల్ మధ్యలో కిందికి వంగుతుంది కాబట్టి ఇనుము కింద ఉండాలి. సన్‌షేడ్ గోడ నుంచి బయటికి చాచి ఉంటుంది, దాని బరువుకు పైముఖం సాగుతుంది, కాబట్టి ఇనుము పైన ఉండాలి. కడ్డీలు కట్టేటప్పుడు పైనే కడతారు. పోసేటప్పుడు తాపీ పట్టుకున్న మనిషి వాటి మీద కాలు వేస్తాడు, కడ్డీ కిందికి దిగిపోతుంది, ఎవరూ పట్టించుకోరు. మూడంగుళాల మందం సన్‌షేడ్‌లో కడ్డీ అంగుళంన్నర దిగితే దాని బలం సగానికి పైగా పోయినట్టే. పైన ఉండాల్సిన కడ్డీల కింద కుర్చీలు కట్టించండి, మనిషి నిలబడటానికి విడిగా పలక వేయించండి. ఇంకో మాట. సన్‌షేడ్‌ని బోర్లపడకుండా పట్టి ఉంచేది లింటల్ మీద కట్టే గోడ బరువు. ఆ గోడ లేవకముందే సన్‌షేడ్ కింద పోట్లు తీసేస్తే లింటల్‌తో సహా తిరగబడుతుంది. ఇలా కూలి మనుషులు పోయిన వార్తలు అప్పుడప్పుడూ పేపర్లలో వస్తూనే ఉన్నాయి.

లింటల్ గట్టిపడ్డాక వచ్చే శత్రువు కరెంటు పని. పైపు కోసం గాడి కొట్టేవాడు స్విచ్ బోర్డు మీద నుంచి నేరుగా లింటల్‌కి అడ్డంగా ఉలి దించుతాడు. కడ్డీ అడ్డం వస్తే కోసేస్తాడు. పైపులు ఎక్కడ దాటాలో ముందే చెప్పించి, పోసేటప్పుడే లింటల్‌లో పైపు ముక్కలు పెట్టించండి.

పాత గోడలో కొత్త గుమ్మం

రెండు గదులు కలిపి హాలు చేసుకుందాం, వీధి వైపు షాపు షట్టర్ పెడదాం అని పాత గోడను కొట్టేవాళ్లు బోలెడుమంది. కొట్టడం ఒక పూట పని. ముందు ఆ గోడ స్లాబును మోస్తోందా లేదా తేల్చుకోండి. మోస్తుంటే ఈ వరస తప్పకూడదు. స్లాబు కింద గోడకు రెండు వైపులా జాకీలు బిగించాలి. తొమ్మిదంగుళాల గోడైతే ఒక ముఖం వైపు నుంచి సగం మందం మాత్రం, గర్డర్ పట్టేంత గాడి కొట్టాలి. చివర్లలో కాంక్రీట్ దిమ్మె పోసి గట్టిపడ్డాక మొదటి గర్డర్ కూర్చోబెట్టాలి. గర్డర్‌కీ పై ఇటుకలకీ మధ్య సందును కుంచించుకోని గ్రౌట్‌తో గట్టిగా దట్టించాలి. అది బరువు పట్టే దాకా ఆగి, అప్పుడు రెండో ముఖం వైపు గాడి కొట్టి రెండో గర్డర్ పెట్టాలి. రెండింటినీ బోల్టులతో కలిపాకే కింది గోడ తీయాలి. గర్డర్లకు ముందే రెడ్ ఆక్సైడ్ కొట్టించి, పూత పట్టుకునేందుకు మెష్ చుట్టించాలి. గర్డర్ సైజు మాత్రం ఇంజనీర్ చెప్పాల్సిందే, పాత ఇనుము షాపులో దొరికింది పట్టుకొచ్చి పెట్టేది కాదు.

పాత పెంకుటిళ్లలో మరో సంగతి. అక్కడ లావుపాటి ద్వారబంధమే పైగోడను మోస్తూ ఉండొచ్చు. చెదలు పట్టిందని దాన్ని ఊడదీసి యూపీవీసీ ఫ్రేము పెడితే ఆ ఫ్రేము ఏమీ మోయదు. ముందు పైన లింటల్ దించి, తర్వాత ద్వారబంధం తీయండి.

పగులు ఏం చెబుతుంది

లింటల్ అడుగున మధ్యలో అడ్డంగా చీలికలు వస్తే అది వంగుతోందని అర్థం, లోతు గానీ ఇనుము గానీ చాలలేదు. కడ్డీ పొడవునా గీత పడి పెచ్చులు ఊడుతుంటే తుప్పు. ఆనిక కింద నిలువు పగులుంటే బరువు ఒకే చోట పడుతోంది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పోయే సన్నని పగులు అన్నిసార్లూ లింటల్ తప్పు కాదు, గోడ ఆరి కుంచించుకోవడం వల్లా పునాది కుంగడం వల్లా వస్తుంది. పగులు రెండు చివర్లా పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేసి ఉంచండి. గీత దాటి పెరుగుతుంటే పూత పూసి ఊరుకోకుండా ఇంజనీర్‌ని పిలవండి.

భూకంపం మాటకొస్తే, మనకు రాదన్న ధీమా వద్దు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7, 2024 డిసెంబర్ 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కదిలింది. గోడల మీద నిలిచే ఇళ్లకు ఐఎస్ 4326 కోడ్ చెప్పే లింటల్ బ్యాండ్ మంచి రక్ష. అన్ని గోడల మీదుగా, తెగకుండా, కనీసం 75 మి.మీ. మందంతో ఇంటి చుట్టూ తిరిగే ఆర్‌సీసీ పట్టీ అది. అయితే బ్యాండ్ ఉంది కదా అని ఓపెనింగ్‌ల మీద వేయాల్సిన ఇనుము మానేయకూడదు. బ్యాండ్‌లో కడ్డీలు గోడలను కలిపి పట్టుకోవడానికి. ఓపెనింగ్ మీద బరువు మోయడానికి కావాల్సిన లోతు, కడ్డీలు వాటికి అదనం.

మీ ఇంజనీర్‌ని లింటల్ షెడ్యూల్ అడగండి. ఏ గుమ్మానికి, ఏ కిటికీకి ఎంత లోతు, ఏ కడ్డీలు, ఎంత ఆనిక అన్నది ఒక్క కాగితం మీద రాసిస్తారు. దాన్ని మేస్త్రీ చేతికిచ్చి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. పోశాక కనీసం పది రోజులు తడపండి. పోట్లు పద్నాలుగు రోజుల దాకా తీయనివ్వకండి, సెంట్రింగ్ వాళ్లు చెక్కలు వేరే సైటుకు కావాలని ఎంత తొందరపెట్టినా సరే.